పికప్ బాగున్న ఇంజను

గురువారం మధ్యాహ్నం రెండున్నరకి షాపు యజమాని ఒరెస్ట్ ట్రెయిలర్ మీది నీలం టార్పాలిన్‌ని ఒక్క లాగు లాగాడు. కింద ఉన్నదాన్ని చూడగానే ధరణి ఒక అడుగు వెనక్కి వేసింది.

శనివారం ఒంటిగంటకి డెర్బీ, పాత కార్లు గుద్దుకునే పోటీ. చేతిలో ఉన్నది నిండా రెండు రోజులు కూడా కాదు. ఆలోగా కారులోకి ఎక్కించాల్సిన ఇంజను ఇది. నిగనిగలాడుతూ, తాకితే కరుస్తుందన్నట్టు ఉండే ఓ రాక్షసి దిగుతుందని ఆమె సోమవారం నుంచీ ఎదురుచూస్తోంది.

దిగింది రాక్షసి కాదు, రాక్షసి వాళ్ళ నాయనమ్మ.

బడిపిల్లలు కూర్చునే బెంచీలా పొడుగ్గా ఉంది. ఆరు సిలిండర్లు ఒకే వరసలో. ఒంటినిండా వేలిమందాన నూనె మడ్డి. మడ్డిలో అతుక్కుపోయిన గోధుమ పొట్టు. కార్బురేటర్ మూతిలో ఎలుక గూడు. ఎలుక ఖాళీ చేసి వెళ్ళిపోయింది గాని దాని సామానంతా అక్కడే ఉంది.

పక్కనే ఉన్న చక్రధర్ గొంతు తగ్గించి, "ఇది ఇంజనా, తవ్వకాల్లో బయటపడిందా?" అన్నాడు. అతను ధరణి ఉంటున్న బేస్‌మెంట్‌లోనే పక్క గదిలో ఉండే తెనాలి కుర్రాడు. పిజ్జా షాపులో సెలవు దొరికినప్పుడల్లా ఇక్కడికొచ్చి స్పానర్లు అందిస్తుంటాడు.

ఇంజనుకి ఇనపతీగతో కట్టిన అట్టముక్క వేలాడుతోంది. ఒరెస్ట్ కళ్ళజోడు సవరించుకుని దాన్ని పైకి చదివాడు. 'ఒరెస్ట్ షాపు అమ్మాయికి. అడిగినట్టే పంపుతున్నాను. నా యార్డులో ఇంతకన్నా మంచి పికప్ లేదు.'

"ఏమడిగావు వాణ్ణి?" అన్నాడు ఒరెస్ట్.

"పికప్ బాగుండాలని" అంది ధరణి.

"బాగానే ఉండేది. ఎనభై నాలుగు మోడల్. పక్క ఊళ్ళో కాల్డర్ వాళ్ళది. ఆ ట్రక్కు నాకు తెలుసు."

ట్రక్కు. అప్పుడు వెలిగింది ధరణికి.

ఆమె ఊరు మెట్‌పల్లిలో బండి కొనేవాడు మొదట అడిగేది మైలేజీ, రెండోది పికప్. యాక్సిలరేటర్ మీద కాలు పెట్టీ పెట్టగానే బండి ముందుకి దూకితే పికప్ ఉన్నట్టు, ఆలోచించుకుని బయల్దేరితే లేనట్టు. ఆ మాటకి ఇంకో అర్థం ఉంటుందని ఆమెకి ఎన్నడూ తట్టలేదు. ఇక్కడ సస్కచ్వాన్‌లో పికప్ అంటే వెనక తొట్టి ఉన్న ట్రక్కు. గోధుమ బస్తాలూ కుక్కలూ ఎక్కే ట్రక్కు. అంతకుమించి ఏమీ కాదు.

సోమవారం పాత ఇనుము యార్డుకి చేసిన ఫోను ఆమె చెవుల్లో మళ్ళీ మోగింది. ఎనిమిది సిలిండర్ల వి-ఎయిట్ అయితే మంచిది, కాకపోయినా ఫర్వాలేదు, పికప్ మాత్రం ఫస్ట్ క్లాసుగా ఉండాలని చెప్పింది. పాతదైనా ఫర్వాలేదా అని అవతలివాడు అడిగితే, పాతదైనా సరే పికప్ ముఖ్యం అంది. నా దగ్గరున్న పికప్ మూడు తరాలు గోధుమలు మోసిందని అతను గొప్పగా చెప్పుకుంటే, ఇక్కడివాళ్ళు ఇంజన్ల గురించి ఎంత కవిత్వంగా మాట్లాడతారో అని ముచ్చటపడింది కూడా.

ఈ కథంతా ఆమె వచ్చీరాని ఇంగ్లీషులో విడమరిచి చెప్పింది. ఒరెస్ట్ మొదట ముక్కుతో నవ్వాడు. తరవాత భుజాలతో నవ్వాడు. ఆఖరికి ట్రెయిలర్ అంచు పట్టుకుని నేలమీద చతికిలబడ్డాడు. అరవై ఏడేళ్ళ భారీ మనిషి, నలభై ఏళ్ళుగా చుట్టుపక్కల పొలాల ట్రాక్టర్లకీ కోత యంత్రాలకీ వైద్యుడు. అంత మనిషి టోపీతో కళ్ళు తుడుచుకుంటుంటే చక్రధర్ కూడా ఆగలేక మొదలెట్టాడు.

ధరణికి నవ్వు రాలేదు. ఆమెకి కావలసింది ఒరెస్ట్ సంతకం.

సస్కటూన్ కాలేజీలో వ్యవసాయ యంత్రాల మెకానిక్ కోర్సు ఆమెది. క్లాసులో ఇరవై నలుగురు. ఆడపిల్ల తనొక్కతే. రెండో ఏడాదిలోకి వెళ్ళాలంటే ఎవరో ఒక షాపు యజమాని, ఈ అమ్మాయికి నాలుగు నెలలు కో-ఆప్, అంటే చదువులో భాగమైన ఉద్యోగం, ఇస్తున్నానని కాగితం మీద సంతకం పెట్టాలి. గడువు వచ్చే సోమవారం. దాటిందా, సీటు పోతుంది. ఆ ఏడాది ఊళ్ళో సగంమంది చదువుతున్న బిజినెస్ డిప్లొమాలోకి మారడమే గతి. 2023 వేసవి అది. కాఫీ షాపులో ఒక్క ఉద్యోగం పడితే లైను కార్ల పార్కింగ్ దాటి బస్టాపుదాకా ఉండేది. ధరణి ముప్పై ఎనిమిది షాపులు తిరిగింది. అందరూ మర్యాదగా నవ్వి రెజ్యుమే తీసుకుని డ్రాయరులో వేశారు. ముప్పై తొమ్మిదో షాపు, సస్కటూన్‌కి నలభై కిలోమీటర్ల అవతల, ఒరెస్ట్‌ది.

ఒరెస్ట్ రెజ్యుమే చేతిలోకి కూడా తీసుకోలేదు. తమ ఊరి జాతరలో ఏటా డెమొలిషన్ డెర్బీ జరుగుతుందన్నాడు. అంటే పాత కార్లని అద్దాలు పీకేసి బురద గోదాలోకి దింపుతారు. ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి. చివరిదాకా కదులుతున్న కారుది గెలుపు. ఈసారి మా షాపు కారుకి ఏ ఇంజను ఎక్కించాలో నువ్వే తేల్చు, నువ్వే బిగించు అన్నాడు.

"కారు మొదటిదొచ్చినా ఆఖరుదొచ్చినా నాకు పట్టదు. పోటీ అయిపోయి జెండా పడేసరికి నీ ఇంజను నడుస్తూ ఉండాలి. నడుస్తుంటే సంతకం. ఆగిపోతే కరచాలనం చేసి ఇంటికి పంపిస్తా."

ఇప్పుడు ఆ ఇంజను స్థానంలో ఎలుక గూడు ఉంది. ఇనుము యార్డు జాతర సెలవులకి మూసేశారు.

ఒరెస్ట్ నేలమీంచి లేచి ప్యాంటు దులుపుకున్నాడు. షెడ్డు వెనక తన దగ్గర ఒక వి-ఎయిట్ ఉందని, ఎవరో చేయించుకుని మళ్ళీ రాలేదని, కావాలంటే అది వాడుకోమని చెప్పాడు. సాయంత్రం ఆరింటికి తన క్రేను ఒక్కసారే ఇంజను ఎత్తుతుంది. ఏదో చెప్పు, అదే ఎత్తుతా అని, నవ్వుకుంటూ లోపలికి పోయాడు.

*

వి-ఎయిట్ మీది దుప్పటి తీసినప్పుడు చక్రధర్ చేతులు జోడించాడు. జోడించదగ్గ ఇంజనే. సిలిండర్లు కొత్తగా బోరింగ్ చేయించి, కొత్త పిస్టన్లు, కొత్త రింగులు, కొత్త బేరింగులు. నారింజ రంగు పెయింటు మీద ఒక్క గీత లేదు. స్టాండు మీదే పెట్టి సెల్ఫ్ కొడితే మొదటి తిప్పుకే అందుకుంది. చక్రధర్ థ్రాటిల్ లాగాడు. షెడ్డు రేకులు గలగలలాడాయి, గోడకున్న స్పానర్లు మేకుల మీద చిందులేశాయి, వాటితో పాటు చక్రధర్ కూడా.

"ఇదీ పికప్ అంటే. ఇంకేం ఆలోచన తల్లీ? ఎత్తించెయ్."

ఎలుక గూడు తీసేసి రెండోదాన్ని కూడా నడిపారు. పద్దెనిమిది సార్లు దగ్గింది. నీలంగా పొగ వదిలింది. తరవాత, ఎవరి కోసమూ తొందరపడనన్నట్టు, టకటక టకటక మంటూ మొదలెట్టింది. చక్రధర్ థ్రాటిల్ పూర్తిగా లాగితే ఓ నిమిషం ఆలోచించి కొంచెం గట్టిగా టకటకమంది.

"బోరుకొచ్చింది" అంది ధరణి. రింగులు అరిగి, నూనె పైకెక్కి మండుతోంది. మెట్‌పల్లిలో అయితే ఏ మెకానిక్ అయినా పొగ చూసి ఆ మాటే అంటాడు.

"పోవడానికి సిద్ధంగా ఉందని అర్థమేగా? మరి వదిలెయ్."

ధరణి వదిలెయ్యలేదు. రెండింటినీ ఆపింది. మీటరున్నర పొడుగు ఇనపకడ్డీకి సాకెట్ తగిలించి, వి-ఎయిట్ క్రాంక్ మీద పెట్టి చేత్తో తిప్పింది. రెండు చేతులూ వేసి, మీద పడి లాగితే గాని కదల్లేదు. అదే కడ్డీని పొడుగు ఇంజనుకి పెట్టింది. ఒంటిచేత్తో తిరిగింది. తిరుగుతూ లోపల ఎక్కడో మెత్తగా ఉస్సుమంది.

ఆ ఉస్సుమనే చప్పుడు ఆమెకి చిన్నప్పట్నుంచీ తెలుసు. పెద్దబాపు కొమరయ్య షాపు నిండా అదే చప్పుడు. పొలాల్లో బావుల మీద నడిచే డీజిల్ పంపుసెట్లు బాగుచేసేవాడు ఆయన. ఆ ఇంజన్లని చల్లబరిచేది అవి తోడే నీళ్ళే. ఎండాకాలం బావి అడుగంటితే నీళ్ళు ఆగుతాయి, ఇంజను ఆగదు. చూసుకోకపోతే కాలి, ఉబ్బి, పిస్టన్ సిలిండర్‌లో బిగుసుకుని పట్టేస్తుంది. పట్టేసిన ఇంజన్లని రైతులు బండిమీద వేసుకొచ్చి షాపు ముందు దించేవాళ్ళు. వాటిల్లో ఎక్కువ పోయిన నెలే కొత్తగా బోరింగ్ చేయించినవి. అడుగంటే బావుల వాళ్ళకి పెద్దబాపు రింగుల దగ్గర కావాలనే కాస్త సందు వదిలి బిగించేవాడు. పొగ వస్తున్నదని వాళ్ళు తిడితే, రానియ్యి, పొగకు పంట ఎండదు అని పంపించేవాడు.

ఇక్కడ బావి లేదు. రేడియేటర్ ఉంది. కారు ముక్కు మీదే ఉంది. ముక్కు మీద గుద్దడమే ఈ ఆట.

"చక్రీ, డెర్బీ వీడియోలన్నీ చూసినవు గద. రేడియేటర్ ఎంతసేపు ఉంటది?"

"మూడు నిమిషాలు. అదృష్టం బాగుంటే నాలుగు."

"ఆట ఎంతసేపు?"

"పదిహేను. ఒక్కోసారి..." చక్రధర్ ఆగిపోయాడు. నారింజ రంగు ఇంజను వైపు చూశాడు. రోజుకి పదకొండు మందికి నచ్చచెప్పి పిజ్జా మీద ఎక్స్‌ట్రా చీజ్ వేయించగల మనిషి దాని మీద దుప్పటి మళ్ళీ కప్పాడు.

"పది నిమిషాలు నీళ్ళు లేకుండ నడవాలె. ఇది నడవదు. అది నడుస్తది."

"నడుస్తుందని గ్యారంటీ ఏంటి?"

"లేదు" అంది ధరణి. గ్యారంటీ నిజంగానే లేదు. ఆమెకి తెలిసింది పంపుసెట్లు, తెలియనిది డెర్బీ. ఒరెస్ట్‌ని అడిగితే చెప్తాడు, కాని అడిగితే ఇంజను ఎంచింది ఆయనవుతాడు. ఆరు గంటలకి షెడ్డు బయటికి వెళ్ళి, పొడుగుదాన్ని ఎత్తమంది. ఒరెస్ట్ ముఖంలో నవ్వు లేదు, కోపం లేదు. క్రేను తిప్పాడు.

*

కారు నడపాల్సిన మనిషి శుక్రవారం ఆఫీసయ్యాక సీటు కొలతలకి వచ్చాడు. టైలరు దగ్గరికి వచ్చినట్టే వచ్చాడు, ఇస్త్రీ చొక్కాతో.

ఏటా డెర్బీలో నడిపేది ఒరెస్టే. ఈ వసంతంలో కంటి ఆపరేషన్ అయింది, కుదుపులు తగలకూడదన్నారు. ధరణికీ చక్రధర్‌కీ ఉన్నది లెర్నర్స్ లైసెన్స్. రెండు వారాల క్రితం వాళ్ళిద్దరూ ఇంటి ఓనర్ల వంటింట్లో కూర్చుని ఈ గోల చెప్పుకుంటుంటే, స్టూలెక్కి స్మోక్ అలారం బ్యాటరీ మారుస్తున్న విశ్వేశ్వరరావు అంకుల్, కిందికి చూడకుండానే, "నాకు క్లాస్ ఫైవ్, ఫుల్ లైసెన్స్ ఉందమ్మా" అన్నాడు.

యూనివర్సిటీలో డేటాబేసులు చూసుకునే అమలాపురం మనిషి. యాభై ఆరేళ్ళు. ఒహాయోలో పదకొండేళ్ళు, ఇక్కడ పదకొండేళ్ళు డ్రైవ్ చేసి ఒక్క జరిమానా టికెట్ తెచ్చుకోలేదు. స్టాప్ సైన్ దగ్గర చుట్టుపక్కల కిలోమీటరు మేర నరమానవుడు లేకపోయినా, మూడు అంకెలు లెక్కపెట్టి గాని కదలడు. అలాంటివాడు స్టూలు దిగి, తలుపు వైపు చూసి, గుసగుసగా అడిగాడు. "నిజంగా గుద్దొచ్చా? కేసులేం ఉండవుగా?"

కార్ల ప్రదర్శనకి వెళ్తున్నామని ఆంటీకి చెప్పాడట. అబద్ధం కాదుగా అని ధరణిని అడిగాడు. అబద్ధం కాదంది.

శుక్రవారమంతా షెడ్డులో నిప్పులు ఎగిరాయి. ఇంజను పొడుగు కాబట్టి రేడియేటర్‌ని ముందుకి జరపాల్సి వచ్చింది. ధరణి బ్రాకెట్లు కోసి వెల్డింగ్ చేసింది. బ్యాటరీని, పెట్రోలు డబ్బాని కారు లోపలికి తెచ్చి బిగించింది. సైలెన్సర్లు పీకేసి ఆరు గొట్టాలు బానెట్‌లోంచి నిటారుగా ఆకాశంలోకి నిలబెట్టింది. ట్రాక్టర్లకి వాడే చిక్కటి నూనె పోసింది. నూనె చూసి ఒరెస్ట్ ఏదో అనబోయి మానుకున్నాడు. ఆ మానుకోవడం మంచిదో చెడ్డదో తెలియక ఆమె సాయంత్రందాకా గోళ్ళు కొరికింది. కారు ఓ పొడుగాటి స్టేషన్ వ్యాగన్. చక్రధర్ దానికి పసుపు రంగు పూసి, నంబరు ఏదైనా వేసుకోవచ్చన్నారని నూట పదహారు వేశాడు.

*

శనివారం జాతర మైదానంలో తొమ్మిది కార్లు. మొక్కజొన్న పొత్తుల వాసన, పెట్రోలు వాసన, చెక్క గ్యాలరీల నిండా టోపీలు. తనిఖీ చేసే అధికారి పసుపు వ్యాగన్ దగ్గర ఆగి వంగి చూశాడు. నాలుగు టైర్ల కిందా నాలుగు నిమ్మకాయలు. ఇవి పట్టు కోసమా అని అడిగాడు. ఒక రకంగా అంతే అంది ధరణి. రూల్సు పుస్తకంలో నిమ్మకాయల మాట లేదు కాబట్టి ఒప్పుకున్నాడు.

ఆ నిమ్మకాయలు పెట్టింది సూర్యకుమారి ఆంటీ. కార్ల ప్రదర్శన చూద్దామని ఆవిడ కూడా బయల్దేరింది మరి. మొగుడు హెల్మెట్ పెట్టుకుని కిటికీలోంచి కారులోకి దూరుతుంటే ఒక నిమిషం చూసింది. అరవలేదు. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి కుంకుమ తీసి బానెట్ మీద బొట్టు పెట్టింది. కంచె దగ్గరికొచ్చి ధరణి పక్కన నిలబడి, "ఇరవై రెండేళ్ళుగా పక్క సీట్లో కూర్చుంటున్నానమ్మా, ఈయన ఒక్కణ్ణి ఓవర్‌టేక్ చెయ్యలేదు. గుద్దుతాడా?" అంది.

సైరన్ మోగింది. ఎనిమిది కార్లు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. పసుపు వ్యాగన్ కదల్లేదు.

"మూడు లెక్కపెడుతున్నారు" అంది ఆంటీ.

ఆ మూడు అంకెల్లో రెండు కార్లు గోదా మధ్యలో ఒకదాన్లో ఒకటి దూరి చుట్టచుట్టుకుపోయాయి. అప్పుడు అంకుల్ బయల్దేరాడు. బురదలో మిగతావాళ్ళ చక్రాలు గిరగిర తిరుగుతూ ఉన్నచోటే గుంటలు తవ్వుతున్నాయి. వ్యాగన్‌కి మన అర్థంలో పికప్ లేదు. దున్నపోతులా నింపాదిగా బురదలోంచి నడుచుకుంటూ వెళ్ళి, ఒక నీలం కారుని డొక్కలో పొడిచి, గోడదాకా తోసుకుపోయి, అక్కడ వదిలేసింది. గ్యాలరీలు లేచి నిలబడ్డాయి. అంకుల్ కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి నీలం కారువాడికి సారీ చెప్పాడు.

నాలుగో నిమిషంలో ఎర్రకారు ఎదురుగా వచ్చి వ్యాగన్ ముక్కు మీద కొట్టింది. తెల్లగా ఆవిరి బుస్సుమంది. రేడియేటర్ పోయింది. నీళ్ళన్నీ బురదలో కలిశాయి. ధరణి ఫోనులో టైము చూసింది. ఇక్కణ్ణుంచి తన ఇంజనుకి నీళ్ళు లేవు.

మిగతావాటికీ లేవు. ఐదో నిమిషంలో ఆకుపచ్చ కారు మూలిగి బిగుసుకుంది. ఏడో నిమిషంలో ఇంకోటి. డ్రైవర్లు సెల్ఫ్ కొడితే టక్కుమని ఒక్క చప్పుడు, అంతే. ఒక్కోటి ఆగినప్పుడల్లా ధరణి పట్టేసింది, పట్టేసింది అంటోంది, చక్రధర్ వేళ్ళు మడుస్తున్నాడు. ఒరెస్ట్ ఆ కార్ల వంక చూడటం లేదు. చెవి వ్యాగన్ వైపు పెట్టి కళ్ళు మూసుకుని వింటున్నాడు. ఆరు గొట్టాలు ఎర్రబడ్డాయి. టకటక కాస్త గరగరగా మారింది. ఆగలేదు.

పన్నెండో నిమిషానికి మిగిలింది ఇద్దరు. ఎర్రకారు, పసుపు వ్యాగన్. ఎర్రకారు వెనక్కి వెళ్ళి, ఆఖరి దూకుడుకి రెచ్చిపోయి, సగం దూరంలో ఉన్నట్టుండి ఆగింది. డ్రైవరు సెల్ఫ్ మీద సెల్ఫ్ కొడుతున్నాడు. వ్యాగన్ చుట్టు తిరిగి దాని వెనక పది అడుగుల దూరానికి వచ్చి, ఆగింది.

ఒక్క పోటు. ఒక్కటి పొడిస్తే అయిపోతుంది. అంకుల్ పొడవటం లేదు.

"ముందు కారు ఆగితే వెనక ఆగాలిగా" అంది ఆంటీ నీరసంగా. "వెనక నుంచి గుద్దితే తప్పు ఎప్పుడూ గుద్దినవాడిదే అని ఆయన సిద్ధాంతం."

జెండా మనిషి చెయ్యెత్తి లెక్క మొదలెట్టాడు. నిమిషంలోగా ఎవరినీ గుద్దని కారు ఔట్. ఔటైన కారు వెంటనే ఇంజను ఆపేయాలి. అంకుల్ రూలంటే ప్రాణమిస్తాడు, ఆపమనగానే ఆపేస్తాడు. ఎర్రకారువాడు ఇందాకే ఒకణ్ణి గుద్దాడు కాబట్టి వాడికింకా టైముంది. పోటీ ముగిసి జెండా పడేసరికి తన ఇంజను చల్లగా, బుద్ధిగా ఆగిపోయి ఉంటుంది. నీళ్ళు లేకుండా ఎనిమిది నిమిషాలు నడిచిన ఇంజనుని ఒక మంచి మనిషి తాళం తిప్పి చంపేస్తాడు.

"కొట్టాలె అంకుల్" అని కంచె పట్టుకుని అరిచింది. గొట్టాల హోరులో ఆమె గొంతు ఆమెకే వినపడలేదు. నలభై సెకన్లు. చక్రధర్ కనపడలేదు. చూస్తే అనౌన్సర్ బల్ల దగ్గర, ఆ పెద్దమనిషికి ఏదో నచ్చచెప్తూ, మైకు వైరుతో సహా లాక్కుని పరిగెత్తుకొస్తున్నాడు. ఆంటీ చేతిలో పెట్టాడు.

సూర్యకుమారి మైకుని ఒకసారి చూసింది. గొంతు సవరించుకుంది. రోజూ కారులో మాట్లాడే గొంతుతోనే, మైదానం నాలుగు మూలలా ఉన్న స్పీకర్లలో అంది:

"ఏవండీ. మీ వల్ల వెనక ట్రాఫిక్ అంతా ఆగిపోయిందండీ."

లోకంలో విశ్వేశ్వరరావు భరించలేనిది ఒక్కటే, తన వల్ల పదిమందికి ఆలస్యం కావడం. హెల్మెట్ చటుక్కున వెనక్కి తిరిగింది. వెనక ట్రాఫిక్ లేదు, బురదా విరిగిన బంపర్లూ ఉన్నాయి. అయినా కాలు పనిచేసేసింది. వ్యాగన్ గరగరమని కదిలి, పది అడుగులూ నడిచి, ఎర్రకారుని వెనక నుంచి పొడిచింది. పొడిచి ఆగకుండా తోసింది. గోదా ఈ చివర నుంచి ఆ చివరకి, చక్రాల బండిలో సామాను తోసుకెళ్ళినట్టు తోసుకెళ్ళి, గడ్డిమోపుల గోడకి ఆనించింది. ఎర్రకారువాడు నవ్వుతూ ఓటమి ఒప్పుకోడానికి కిటికీ దగ్గర కట్టి ఉంచే కర్ర విరిచి లొంగిపోయాడు. జెండా పడింది.

టకటక టకటక. నడుస్తోంది.

ధరణి కంచె దూకింది. బురదలో ఒక బూటు దిగబడితే వదిలేసి ఒంటి బూటుతో పరిగెత్తింది. వెనక చక్రధర్, ఆ వెనక చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని ఆంటీ. అంకుల్ కిటికీలోంచి సగం బయటికొచ్చి, కుడిచెయ్యి గాల్లోకి ఎత్తి చూపిస్తున్నాడు. ఆ చేతిలో తాళంచెవి ఉంది.

"నేను ఆపేశానమ్మా. ఎప్పుడో ఆపేశాను. ఇది ఆగట్లేదు."

లోపల ఇనుమంతా నిప్పులా కాగిపోయింది. ఇక ప్లగ్గులతో పనిలేదు, ఆ వేడికే పెట్రోలు అంటుకుంటోంది. తాళం తీసినా, వైరు పీకినా పట్టించుకునే స్థితిలో లేదది. గరగరమంటూ, ఎగిరెగిరి పడుతూ, నల్లటి పొగ బుడగలుగా వదులుతూ నడుస్తూనే ఉంది. అధికారి వచ్చి ఆపమన్నాడు. అంకుల్ ఎంతో నొచ్చుకుంటూ తాళంచెవి ఆయన చేతిలో పెట్టేశాడు.

ఒరెస్ట్ నింపాదిగా నడుచుకుంటూ వచ్చాడు. వ్యాగన్ పక్కన నిలబడి తల వంచి కాసేపు విన్నాడు. ధరణి వైపు చెయ్యి చాపాడు. కరచాలనం చేసి ఇంటికి పంపిస్తానన్న మాట గుర్తొచ్చి ఆమె తన చెయ్యి వెనక్కి దాచుకుంది.

"కాగితం" అన్నాడు.

చొక్కా లోపల ప్లాస్టిక్ కవర్లో పెట్టుకున్న కాగితం ఆమె తీసి ఇచ్చింది. ఒరెస్ట్ దాన్ని వ్యాగన్ ముందుచక్రం మీది రేకు రెక్కమీద పరిచి జేబులోంచి పెన్ను తీశాడు. ఇంజను ఎగిరినప్పుడల్లా రెక్క ఎగురుతోంది, రెక్కతో కాగితం, కాగితంతో పెన్ను. సంతకం భూకంపం రికార్డు చేసిన గీతలా వచ్చింది. ఒరెస్ట్ దాన్ని దూరంగా పట్టుకుని చూసి, కాలేజీవాళ్ళు ఇది ఒప్పుకోరేమో, ఇది ఆగాక ఇంకో కాగితం మీద పెడతానన్నాడు.

"వద్దు" అంది ధరణి, కాగితం లాక్కుని. "ఇదే ఇస్త."